రైలు గేటు దగ్గర లెక్క ఎక్కడ తప్పుతోంది?

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: విశ్రాంత లోకో ఇన్‌స్పెక్టర్, సిగ్నల్ విభాగం ఇంజినీరు, ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) అధికారిణి)

వ్యాఖ్యాత: నమస్కారం. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర, కాపలా లేని గేటులో స్కూలు బస్సును రైలు ఢీకొట్టింది. 2019 జనవరి ఆఖరుకల్లా బ్రాడ్‌గేజ్ మీద అలాంటి గేట్లన్నీ ఎత్తేశారు. మరి గేట్‌మన్ ఉన్నచోట భయం లేనట్టేనా?

ఇంజినీరు: కాపలా పెట్టగానే గేటు భద్రం అయిపోదండి. ఇంటర్‌లాక్ ఉన్న గేటులో బూమ్, అంటే అడ్డంగా దిగే కమ్మీ, పూర్తిగా దిగి తాళం పడితేనే రైలుకి సిగ్నల్ వస్తుంది. లారీ అడ్డం ఉండి బూమ్ దిగలేదనుకోండి, సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది, రైలు బయటే ఆగుతుంది. ఇంటర్‌లాక్ లేనిచోట పనంతా స్టేషన్ మాస్టర్ ఫోను మీద, గేట్‌మన్ గేటు వేశానని హామీగా ఇచ్చే ప్రైవేటు నంబరు మీద నడుస్తుంది. ఆ మాట పొరపాటైతే పట్టుకునే ఏర్పాటు సిగ్నల్‌లో ఉండదు. 2025 జులై 8న తమిళనాడు కడలూరు దగ్గర సెమ్మంకుప్పంలో స్కూలు వ్యానును రైలు గుద్దింది ఇంటర్‌లాక్ లేని గేటులోనే. ముగ్గురు పిల్లలు పోయారు. ఆ తర్వాతే ఇంటర్‌లాక్ పెట్టే హద్దును 20 వేల టీవీయూ నుంచి 10 వేలకి దించారు.

వ్యాఖ్యాత: టీవీయూ అంటే?

ఇంజినీరు: రోజుకి వెళ్లే రైళ్లని, గేటు దాటే బళ్ల యూనిట్లతో గుణిస్తే వచ్చేది. 50 రైళ్లు, 200 యూనిట్లు అయితే 10 వేలు. లక్ష దాటిన గేటుకి పైవంతెన అడగొచ్చు.

వ్యాఖ్యాత: జనం గోల ఒక్కటే సార్. రైలు కనుచూపు మేరలో ఉండదు, గేటు మాత్రం ఎప్పుడో వేసేస్తారని.

లోకో ఇన్‌స్పెక్టర్: గంటకి 110 కిలోమీటర్ల మీద ఉన్న రైలుకి బ్రేకు వేస్తే ఆగడానికి కిలోమీటరు దాకా పట్టొచ్చు. అందుకే గేటు సిగ్నల్‌కి కిలోమీటరు ముందు, దాని సంగతి ముందే తెలిపే డిస్టెంట్ సిగ్నల్, చాలాచోట్ల దానికి ఇంకో కిలోమీటరు ముందు మరొకటి పెడతారు. లోకో పైలట్‌కి అక్కడే ఆకుపచ్చ కనబడాలి. అంటే రైలు రెండు మూడు కిలోమీటర్ల అవతల ఉండగానే గేటు పడిపోవాలి. ‘ఈ ఒక్క ఆటోని పోనివ్వు’ అని గేట్‌మన్‌ని ఆపారా, రైలు నెమ్మదిస్తుంది, మళ్లీ వేగం అందుకునేసరికి గేటు ఇంకా ఎక్కువసేపు మూసి ఉంటుంది. ఒకసారి సిగ్నల్ ఇచ్చాక దాన్ని మళ్లీ ఎర్రకి తేకుండా గేటు తెరుచుకోదు. ఎంత తిట్టినా లాభం లేదు.

అధికారిణి: బండి వంచి బూమ్ కింద నుంచి దూర్చేవాళ్లతోనే మాకు పెద్ద తలనొప్పి. ముందు ఒక రైలు వెళ్లిపోతుంది. గేటు ఇంకా లేవలేదంటే రెండో లైన్లో ఇంకోటి వస్తోందన్నమాట. మొదటి రైలు తోక దాటగానే అడుగేస్తారు, అవతలి రైలు ఆ పెట్టెల చాటునే ఉంటుంది. మూసిన గేటు తెరిస్తే రైల్వే చట్టం 160వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, విరగ్గొడితే అయిదేళ్ల దాకా.

వ్యాఖ్యాత: గేటే లేనిచోట పట్టాలు దాటేవాళ్ల సంగతి?

అధికారిణి: అది 147వ సెక్షన్. ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానాకి భయపడి మానేవాళ్లు తక్కువే, నిజం చెప్పాలంటే.

లోకో ఇన్‌స్పెక్టర్: లెక్క చూస్తే భయపడాలి. 110 వేగమంటే సెకనుకి 30 మీటర్లు. మూడొందల మీటర్ల అవతల ఇంజిన్ కనబడితే మీ చేతిలో ఉన్నది పది సెకన్లు. అప్, డౌన్ రెండూ దాటాలంటే కంకర మీద పది పన్నెండు మీటర్లు నడవాలి, చేతిలో సంచి ఉంటే సెకనుకి మీటరు మించి నడవలేరు. విజయవాడ–గూడూరు, కాజీపేట–బల్లార్షా సెక్షన్లలో వేగం 130. అక్కడ ఆ మూడొందల మీటర్లకి ఎనిమిది సెకన్లే. పైగా ఎదురుగా నిలబడి చూస్తే రైలు వేగం కంటికి ఆనదు. పెద్ద వస్తువు మెల్లగా వస్తున్నట్టే ఉంటుంది. చెవిలో ఇయర్‌ఫోన్లుంటే ఇక హారన్ మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

వ్యాఖ్యాత: బండి పట్టాల మీదే ఆగిపోతే?

ఇంజినీరు: అసలు ఆగకుండా చూసుకోవాలి. గేటు ఎక్కేముందే ఫస్ట్ గేరులో పడి, పట్టాల మీద గేరు మార్చకుండా దాటాలి. అవతల బండి పట్టేంత ఖాళీ లేకపోతే గేటులోకి రాకూడదు. బైకు, సైకిలు అయితే పట్టాలకి అడ్డంగా, నేరుగా దాటించాలి. పట్టాకీ, దాని పక్కనే వేసే చెక్ రైలు అనే ఇంకో పట్టాకీ మధ్య 51 నుంచి 57 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. ఏటవాలుగా వస్తే సన్నని టైరు అందులో దిగుతుంది.

లోకో ఇన్‌స్పెక్టర్: ఆగిపోతే ముందు మనుషులంతా దిగాలి. సామాను సంగతి తర్వాత. గేట్‌మన్‌కి చెప్పండి. అతను సిగ్నల్ ఎర్రకి తెచ్చి, స్టేషన్‌కి ఫోన్ చేసి, ఎర్రజెండాతో రైలు వచ్చే వైపు పరుగెడతాడు. 600 మీటర్ల దగ్గర ఒక డిటొనేటర్, 1200 దగ్గర పదేసి మీటర్ల ఎడంలో మూడు పెడతాడు. ఇంజిన్ చక్రం కింద అవి పేలితే లోకో పైలట్ బ్రేకు వేస్తాడు. రైలు కనబడిపోయిందంటే బండిని నెట్టడం మానేసి, పట్టాలకి దూరంగా, రైలు వచ్చే దిక్కుకే ఏటవాలుగా పరుగెత్తాలి. గుద్దితే ముక్కలు ముందుకే ఎగురుతాయి.

వ్యాఖ్యాత: వినాయక చవితికి విగ్రహాలు గేట్ల మీదుగానే వెళ్తాయి కదా!

ఇంజినీరు: పై తీగలో 25 వేల వోల్టులు. గేటుకి ఇవతల 4.67 మీటర్ల ఎత్తులో హైట్ గేజ్, అంటే ఎత్తు హద్దు చూపే అడ్డకమ్మీ, ఉంటుంది. విగ్రహమైనా వరిగడ్డి లోడైనా దాని కింద పట్టకపోతే వేరే దారి వెతుక్కోవాల్సిందే. కర్రతో తీగని ఎత్తి పట్టుకుంటామనే వాళ్లుంటారు. ఆ తీగని తాకక్కర్లేదు, దగ్గరికెళ్లినా చాలు.

వ్యాఖ్యాత: గేట్లు తీసేసిన చోట కట్టిన అండర్‌పాస్‌లలో వానకి నీళ్లు నిలుస్తున్నాయే?

అధికారిణి: అది మాత్రం జనం తప్పు కాదు. 2022 జులైలో మహబూబ్‌నగర్ జిల్లాలో స్కూలు బస్సు అలాంటి నీళ్లలోనే చిక్కుకుంది. నీళ్లు తోడే మోటారు, బయటికి పోయే కాలువ లేని అండర్‌పాస్ కడితే వానాకాలమంతా ఊరు మళ్లీ పట్టాలే ఎక్కుతుంది. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫిర్యాదు చేసేటప్పుడు ఊరి పేరు ఒక్కటే చెప్తే మాకు చోటు దొరకదు. గేటు దగ్గరైతే బోర్డు మీది గేటు నంబరు, అంటే ఎల్‌సీ నంబరు, పట్టాల వెంటైతే కరెంటు స్తంభం మీది అంకె చెప్పండి. 412/14 అని ఉంటే 412వ కిలోమీటరులో 14వ నంబరు స్తంభమని మా వాళ్లకి అర్థమైపోతుంది.