పెద్ద జీతమా, మిగిలే జీతమా?

శ్రోతలకు నమస్కారం.

వెల్డింగ్, వైరింగ్, కుట్టుపని, మోటారు మెకానిజం... ఇలాంటి పనులు నేర్పే వృత్తి విద్య అధ్యాపకుల్లో ఎవరికైనా ఒకేసారి రెండు నగరాల్లో ఉద్యోగం వచ్చిందనుకోండి. చిన్న నగరంలో జీతం తక్కువ, పెద్ద నగరంలో ఎక్కువ. ఖర్చులూ అలాగే ఉంటాయి. ఏది మేలో తేల్చుకోవడానికి చాలామంది జీవన వ్యయ సూచీని, అంటే ఒక నగరంలో ఖర్చు మరో నగరం కన్నా ఎన్ని రెట్లో చెప్పే అంకెను వెతికి, జీతాన్ని దాంతో భాగిస్తారు. లెక్క చూడ్డానికి శాస్త్రీయంగానే ఉంటుంది. కానీ నాకు ఆ భాగహారం మీద పెద్ద నమ్మకం లేదు. ఎందుకో చిన్న అంకెలతో చెబుతాను.

చిన్న నగరంలో జీతం 100 అనుకుందాం, పెద్ద నగరంలో 130. పెద్ద నగరంలో ఇంటి అద్దె రెండింతలు, మిగతా ఖర్చులు పదో వంతు ఎక్కువ. ఇద్దరు పిల్లలున్న టీచరు చిన్న నగరంలో అద్దెకు 30, ఇతర ఖర్చులకు 50 పెడితే చేతిలో 20 మిగులుతుంది. అదే కుటుంబం పెద్ద నగరానికి వెళ్తే అద్దె 60, ఇతర ఖర్చులు 55 అవుతాయి. అంటే 130లో 115 పోయి, మిగిలేది 15. జీతం పెరిగింది, మిగులు తగ్గింది.

ఇప్పుడు పెళ్లికాని కుర్ర టీచరు సంగతి చూద్దాం. చిన్న నగరంలో ఒక గది అద్దె 15, ఇతర ఖర్చు 30. మిగిలేది 55. పెద్ద నగరంలో గది 30, ఇతర ఖర్చు 33, మొత్తం 63. మిగిలేది 67. ఇతనికి లాభమే! కానీ భాగహారం చేసి చూడండి. ఖర్చు 45 నుంచి 63కి పెరిగింది కాబట్టి సూచీ 1.4. జీతం 130ని దాంతో భాగిస్తే 93 కూడా రాదు. సూచీ ఇతనికి నష్టమని చెబుతోంది, చేతిలో మాత్రం 12 ఎక్కువ కనిపిస్తోంది.

తేడా ఎక్కడొచ్చిందంటే, భాగించినప్పుడు జీతంలో ప్రతి పైసా ఆ నగరం ధరల్లోనే ఖర్చవుతుందని ఒప్పుకున్నట్టు. వేరే ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు పంపే డబ్బుకు, బ్యాంకులో వేసుకునే డబ్బుకు ఆ నగరం అద్దెలతో పనేముంది? అందుకే భాగించడం మాని, తీసివేయండి. మీ ఇంటి ఖర్చును ఆ నగరం ధరల్లో వేసుకుని, పన్నులు పోగా చేతికొచ్చే జీతంలోంచి తీసేసి చూడండి. అయితే ఒక మినహాయింపు ఉంది. ఆ పెద్ద నగరంలోనే ఇల్లు కొని స్థిరపడాలనుకుంటే, మీ పొదుపు కూడా అక్కడి ధరలకే లోబడుతుంది. అప్పుడు సూచీ చెప్పిందే నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఇంతకీ ఆ సూచీ ఎవరి ఖర్చులను బట్టి తయారైందో కూడా చూడాలి. అమెరికాలో నగరాలను పోల్చడానికి ఎక్కువగా వాడే ఒక జీవన వ్యయ సూచీ, ఆదాయంలో పై అయిదో వంతులో ఉన్న ఉద్యోగ కుటుంబాల ఖర్చులను ఆధారంగా తీసుకుంటుంది. పైగా పన్నులను లెక్కలోకి తీసుకోదు. జీతంలో ఎక్కువ భాగం అద్దెకే పోయే టీచరుకు ఆ కొలత సరిగ్గా అతకదు.

మరి యాజమాన్యాలు ఈ తేడాను సర్దుబాటు చేయవా అంటే, కొంతవరకు చేస్తాయి. మన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు నగరాలను ఎక్స్, వై, జెడ్ అని మూడు తరగతులుగా చేసి ఇంటి అద్దె భత్యం ఇస్తారు. డీఏ, అంటే కరువు భత్యం, 50 శాతానికి చేరాక ఇంటి అద్దె భత్యం మూల వేతనంలో 30, 20, 10 శాతమైంది. అక్కడ మూల వేతనం 100, డీఏ 50 అనుకుంటే, పెద్ద నగరంలో చేతికొచ్చేది 180, చిన్న పట్టణంలో 160. తేడా ఎనిమిదో వంతు. అద్దెల మధ్య తేడా ఎనిమిదో వంతుతో ఆగుతుందా? మీకే తెలుసు. పైగా కాంట్రాక్టు మీదో, గంటల లెక్కనో పాఠం చెప్పేవాళ్లకు ఈ భత్యం సాధారణంగా ఉండదు.

ఇంగ్లాండులో ప్రభుత్వ పాఠశాలల టీచర్లకు నాలుగు రకాల జీతాల పట్టికలున్నాయి: లండన్ లోపలికి ఒకటి, దాని బయటి వలయానికి ఒకటి, అంచుకు ఒకటి, మిగతా దేశానికి ఒకటి. వినడానికి బాగానే ఉంది. కానీ అక్కడ వృత్తి విద్య ఎక్కువగా జరిగేది పాఠశాలల్లో కాదు, బడి చదువు తర్వాత చేరే ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీల్లో. 1993 నుంచి అవి స్వతంత్ర సంస్థలు, జీతాలు ఎవరికి వారే నిర్ణయించుకుంటారు. ఆ పట్టికలు వాళ్లకు వర్తించవు.

సగటు జీతంతోనూ జాగ్రత్త. ఒక నగరంలో సగటు ఎక్కువగా ఉందంటే అక్కడ సీనియర్లు ఎక్కువమంది ఉండి ఉండొచ్చు. కొత్తగా చేరేవారికి కావాల్సింది మొదటి ఏడాది జీతం, పదేళ్ల తర్వాత జీతం. ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఓఈసీడీ అనే సంస్థ, దేశాల మధ్య టీచర్ల జీతాలను పోల్చేటప్పుడు ఇలా సర్వీసులోని మెట్లను విడివిడిగా చూపిస్తుంది. నగరాల పోలికకూ అదే సరైన పద్ధతని నా ఉద్దేశం.

వృత్తి విద్యకే ప్రత్యేకమైన విషయం ఇంకొకటుంది. లెక్కల టీచరుకు బడి బయట అదే పని దొరకడం తక్కువ. వెల్డింగ్ నేర్పేవారికి మాత్రం ఫ్యాక్టరీ ఎప్పుడూ తలుపు తీసే ఉంటుంది. పరిశ్రమలు ఎక్కువున్న నగరంలో ఆ పనికే కాలేజీ ఇచ్చే దానికన్నా పెద్ద మొత్తం ఇవ్వొచ్చు. కాబట్టి రెండు నగరాల టీచర్ల జీతాలనే కాదు, ఒక్కో నగరంలో టీచరు జీతాన్నీ పనివాడి సంపాదననూ పక్కపక్కన పెట్టి చూడాలి. కొన్నిచోట్ల టీచర్లు ఎందుకు నిలవరో అక్కడ తెలుస్తుంది.

ఇంటర్వ్యూలో అడగాల్సిన ప్రశ్న కూడా దీంట్లోంచే వస్తుంది. షాపుఫ్లోరులో, అంటే ఫ్యాక్టరీ పనిలో గడిపిన ఏళ్లను జీతం నిర్ణయించేటప్పుడు సర్వీసుగా లెక్కిస్తారా, లేక అందరితోపాటు మొదటి మెట్టు మీదే నిలబెడతారా? పరిశ్రమలో పన్నెండేళ్లు చేసి వచ్చినవారికి ఈ ఒక్క జవాబు, రెండు నగరాల అద్దెల తేడా కన్నా పెద్దది కావచ్చు. జవాబు నోటిమాటగా వద్దు, నియామక పత్రంలో రాయించుకోండి.

నమస్కారం.