మిషను ముందు వంగిన మెడ

అమ్మలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

ఇందాక లోపలికి వస్తుంటే ఒకావిడ కాజాలు కుడుతూ మధ్యమధ్యలో ఆగి మెడ వెనక పిసుక్కుంటున్నారు. ఫిజియోథెరపిస్టుని కదా, నా కళ్లు అక్కడే ఆగిపోయాయి.

మన తల బరువు సుమారు 5 కిలోలు. నిటారుగా కూర్చుంటే ఆ బరువు మెడలోని 7 ఎముకల మీద కుదురుగా నిలుస్తుంది. కుట్టు కనబడాలని ముందుకు వంగితే మాత్రం వెనక కండరాలే దాన్ని గంటల తరబడి లాగి పట్టుకోవాలి. సాయంత్రానికి మెడ పట్టేయదా మరి? ఇక గొంతు వెనక ఎముకలను ఆనుకుని కొన్ని చిన్న కండరాలుంటాయి. మెడనొప్పి ఉన్నవాళ్లలో చాలామందికి అవి బలహీనపడిపోయి ఉంటాయి. నెలల తరబడి మెడకు కాలర్ పట్టీ వేసుకుంటే ఇంకా మెత్తబడతాయి.

వాటికి బలమిచ్చే వ్యాయామం ఒకటి చెబుతాను. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. తల కింద పల్చగా మడిచిన తువ్వాలు పెట్టుకోండి. తల పైకెత్తకుండా, "ఊఁ" కొట్టినట్టు మెల్లగా గడ్డాన్ని గొంతు వైపు దించండి. మెడ పక్కన రెండు వేళ్లు ఆనించి చూడండి. అక్కడ కండరాలు తాళ్లలా బిగుసుకుంటే బలం ఎక్కువైనట్టే, కాస్త వదలండి. పళ్లు కరవొద్దు, ఊపిరి బిగబట్టొద్దు. 10 అంకెలు లెక్కపెట్టి వదిలేయండి. అలా 10 సార్లు. మొదట్లో 5 సార్లే వస్తే 5 చాలు.

ఇంత చిన్నదానితో ఏమవుతుందని అనుకోకండి. ఫిన్లాండులో చాలాకాలంగా మెడనొప్పి ఉన్న 180 మంది ఆఫీసు ఉద్యోగినుల మీద చేసిన అధ్యయనం 2003లో అచ్చయింది. ఏడాది తర్వాత చూస్తే, సాగదీసే వ్యాయామాలు, ఏరోబిక్స్ చేసినవాళ్ల కంటే మెడ కండరాలకు పని పెట్టినవాళ్లకు నొప్పి బాగా తగ్గింది. ఏడాది అన్న మాట గుర్తుంచుకోండి. నాలుగు రోజులు చేసి మానేస్తే లాభం లేదు.

కటింగ్ షాపులో మెడ టక్కుమని విరిపించుకునే అలవాటు మీ ఇంటి మగవాళ్లకు ఉంటే దయచేసి మాన్పించండి. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు అక్కడే ఉన్నాయి.

చేతిలోంచి కత్తెర జారిపోతున్నా, వేళ్లు మొద్దుబారుతున్నా, నడక తూలుతున్నా, కిందపడ్డాక నొప్పి మొదలైనా ముందు డాక్టరుకు చూపించండి. వ్యాయామం ఆ తర్వాతే.

తువ్వాళ్లు తెచ్చుకున్నారుగా? ముందు వరుసలోవాళ్లు చాపల మీదికి రండి.