పదిహేనుకి పదిహేను: 2019లో ఎల్‌ఎస్‌యూ ఎలా గెలిచింది?

[తెర: రాత్రి, ఆస్టిన్ స్టేడియం. స్కోరు 37-31]

2019 సెప్టెంబరు 7. అమెరికన్ ఫుట్‌బాల్, కాలేజీ జట్ల పోటీ. టెక్సస్ యూనివర్సిటీ వాళ్ల సొంత మైదానం. లూసియానా స్టేట్ యూనివర్సిటీ, అందరూ పిలిచే ఎల్‌ఎస్‌యూ, ఆరు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. ఆట ముగియడానికి మూడు నిమిషాలు కూడా లేవు. మూడో డౌన్. 17 గజాలు కావాలి.

కొత్తగా చూస్తున్నవాళ్లకి ఒక్క మాట. బంతి ఉన్న జట్టుకు పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు అవకాశాలుంటాయి. ఒక్కో అవకాశాన్నీ డౌన్ అంటారు. మధ్యలో వెనక్కి పోతే ఆ దూరం పదికి మించి పెరుగుతుంది. మూడింట్లో పని కాకపోతే, మామూలుగా నాలుగోసారి బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకి అప్పగించేస్తారు. అందుకే మూడో డౌన్ మన కబడ్డీలో డూ ఆర్ డై రైడ్ లాంటిది.

[తెర: ఆ ప్లే, నెమ్మదిగా]

పాత ఎల్‌ఎస్‌యూ అయితే ఇక్కడ బంతితో పరుగు తీయించి కాలం గడిపేసేది. ఈ జట్టు పాస్ ఆడింది! టెక్సస్ ఆటగాళ్లు మీద పడుతున్నారు. పాస్‌లు విసిరే ఆటగాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, జో బర్రో వాళ్లని తప్పించుకుని విసిరాడు. జస్టిన్ జెఫర్సన్ అందుకున్నాడు. 61 గజాల టచ్‌డౌన్, అంటే బంతి అవతలివాళ్ల చివరి గీత దాటింది. చివరికి 45-38.

సీజన్ అంతా ఆ ఒక్క బంతిలోనే ఉందని నా నమ్మకం. పరుగునీ డిఫెన్స్‌నీ నమ్ముకున్న జట్టు అది. హెడ్ కోచ్ ఎడ్ ఓర్జెరాన్ ఆ పద్ధతి మార్చాలనుకున్నారు. న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ అనే ప్రొఫెషనల్ జట్టు నుంచి జో బ్రేడీ అనే కుర్ర కోచ్‌ని తెచ్చుకున్నారు. అప్పటికి అతనికి ముప్పై కూడా నిండలేదు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ జట్టులో చోటు దొరక్క ఇక్కడికొచ్చిన బర్రో 2018లో 16 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. 2019లో 60!

[తెర: టస్కలూసా, నవంబరు 9]

అలబామా చేతిలో వరసగా ఎనిమిదిసార్లు ఓడిన జట్టు, వాళ్ల ఊళ్లోనే 46-41తో గెలిచింది. ఆ పరంపర తెగింది.

అప్పట్లో టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌కి నాలుగే జట్లు. పన్నెండు లీగ్ మ్యాచ్‌లు, కాన్ఫరెన్స్ (తమ జట్ల గుంపు) ఫైనల్, ప్లేఆఫ్ సెమీఫైనల్, ఫైనల్. అన్నీ గెలిచింది. 2020 జనవరి 13న న్యూ ఆర్లీన్స్‌లో క్లెమ్సన్‌పై 42-25తో టైటిల్ కూడా తెచ్చుకుంది.

కానీ నన్ను కదిలించింది ఫైనల్ కాదు, సెమీఫైనల్.

[తెర: అట్లాంటా, డిసెంబరు 28. సంగీతం ఆపాలి]

మ్యాచ్‌కి కొన్ని గంటల ముందు ఎల్‌ఎస్‌యూ దాడి వ్యూహం చూసే కోచ్ (అఫెన్స్ కోఆర్డినేటర్) స్టీవ్ ఎన్‌స్‌మింగర్ కోడలు విమాన ప్రమాదంలో చనిపోయారు. ఆమె ఆ మ్యాచ్ చూడ్డానికే బయల్దేరారు. ఆ కబురు ఆయనకి చెప్పింది ఓర్జెరాన్. అయినా ఎన్‌స్‌మింగర్ వెళ్లి పైన కోచ్‌ల గదిలో తన కుర్చీలో కూర్చున్నారు. హెడ్‌సెట్ పెట్టుకున్నారు. పని చేశారు.

ఓక్లహోమాపై బర్రో మొదటి సగంలోనే ఏడు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. వాటిలో నాలుగు జెఫర్సన్‌వి. విరామానికి స్కోరు 49-14.

[తెర: స్కోర్‌బోర్డు. మాటల్లేవు]