గేట్లు లేవని జర్మనీ ట్రైన్లు ఫ్రీ అయిపోవు మావయ్యా!

హాయ్ అందరికీ. బెర్లిన్‌లో మూడు నెలలు ఇంటర్న్‌షిప్ చేసొచ్చాను. మొన్న ఒక పెళ్ళిలో మా పెద్ద మావయ్య అందరి ముందూ "జర్మనీలో ట్రైన్లు ఫ్రీయంట కదే, గేట్లుండవంట, ఎవుడూ అడగడంట, మూడు నెల్లూ ఊరికినే తిరిగీసుంటావు" అనీసాడు. సరే పెద్దాయన కదా అనుకుంటే, వచ్చే ఏడు ఇంటర్న్‌షిప్‌కి వెళ్దామనుకుంటున్న మా జూనియర్ గుంటలు కూడా ఇదే మాట, అక్కా ఫ్రీయేనా అక్కా అని. కాదు బాబూ. నేను 60 యూరోలు కట్టి మరీ తెలుసుకున్నాను, అందుకే ఈ వీడియో.

వీసా, ఫ్లైటు, బ్యాగులో ఆవకాయ కారకుండా ఎలా సర్దాలి, ఇవన్నీ మీకు నాకన్నా బాగా తెలుసు, వదిలేద్దాం. నేరుగా బెర్లిన్‌లో దిగిపోదాం.

ముందు మన ఆమదాలవలస బస్సు గుర్తు తెచ్చుకోండి. శ్రీకాకుళం కాంప్లెక్సులో ఎక్కుతాం, కండక్టరు వస్తాడు, ఎక్కడికమ్మా అంటాడు, టికెట్ కొడతాడు, చిల్లర దిగినప్పుడు ఇస్తానంటాడు, ఇంక దిగేదాకా మన ధ్యాసంతా ఆ చిల్లర మీదే. ఇప్పుడు ఆ బస్సులోంచి కండక్టర్ని ఒక్కడినే దించీండి. బస్సు ఉంది, టికెట్ ఉంది, రేటు ఉంది, ఆయన మాత్రం లేడు. మరి ఆయన పని ఎవరు చెయ్యాలి? మనమే. టికెట్ కొనుక్కోడం మనమే, ప్లాట్‌ఫామ్ మీద చిన్న డబ్బా ఉంటుంది, అందులో దూర్చి టైము ముద్ర వేసుకోడం మనమే. ముద్ర లేకపోతే కొన్న టికెట్ కూడా కొననట్టే లెక్క.

మా అమ్మ ఇప్పుడు స్త్రీ శక్తి బస్సులో ఫ్రీగానే కదా వెళ్తోంది, అయినా కండక్టరు జీరో టికెట్ కొట్టి చేతిలో పెడతాడా లేదా? ఫ్రీ బస్సుకే టికెట్ ఉన్నప్పుడు గేటు లేని ట్రైనుకి ఉండదేటి?

[స్క్రీన్ మీద: బెర్లిన్ మ్యాప్, మూడు జోన్లు]

ఇప్పుడు నా 60 యూరోల కథ. బెర్లిన్‌కి ఎ, బి, సి అని మూడు జోన్లు. ఊరి చుట్టూ రైలు పట్టాలు గుండ్రంగా తిరుగుతాయి, ఆ చుట్టు లోపల ఎ, అక్కణ్ణుంచి ఊరి పొలిమేర దాకా బి, పొలిమేర దాటితే సి. నేను ఎయిర్‌పోర్టులో దిగాను, మెషిన్ మీద బెర్లిన్ ఎబి అని కనిపించింది, బెర్లిన్ ఎయిర్‌పోర్టు బెర్లిన్‌లోనే కదా ఉంటాదనుకుని అదే కొనీసాను, ముద్ర కూడా వేసీసాను, నా అంత తెలివైనది లేదనుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఆ ఎయిర్‌పోర్టు పేరుకే బెర్లిన్, ఉండేది మాత్రం పక్క రాష్ట్రం బ్రాండెన్‌బర్గ్‌లో, అంటే సి జోన్. ఆమదాలవలస పిల్లనై ఉండి నాకు ఇది తట్టకపోవడం ఏటో! మన స్టేషన్ బోర్డు మీద ఏం రాసుంటుంది? శ్రీకాకుళం రోడ్. ఆ పేరు చూసి శ్రీకాకుళం వచ్చేశామని దిగి, ఆటోవాడు రేటు చెప్పగానే బిత్తరపోయే చుట్టాలని చిన్నప్పట్నుంచీ చూసి నవ్వాను. ఆ పాపం ఊరికే పోలేదు.

రెండు స్టేషన్లు దాటాక నా ఎదురుగా కూర్చున్న అతను, మామూలు జీన్సు, మామూలు జాకెట్టు, లేచి నిలబడి "ఫార్‌షైనె బిట్టె" అన్నాడు. టికెట్లు చూపించండి అని. చాలాసార్లు వీళ్ళు ఇలాగే మామూలు బట్టల్లో ఉంటారు. నా టికెట్ అటూ ఇటూ తిప్పాడు, ఎబి అన్న అక్షరాల మీద వేలు పెట్టాడు, మరేం మాట్లాడలేదు. అరవడాల్లేవు, తిట్టడాల్లేవు, చిన్న మెషిన్‌లోంచి చీటీ ఒకటి వచ్చింది. 60 యూరోలు. మన డబ్బుల్లో 6 వేలు అటూ ఇటూ. ఎబిసి కొనుంటే తేడా ఓ యూరో! కొత్తగా వచ్చాను, తెలీదు అంటే జాలిగానే చూశాడు, చీటీ మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఇక అసలు టికెట్టే లేకుండా మళ్ళీ మళ్ళీ దొరికినవాళ్ళ మీదైతే కేసు కూడా పెడతారు.

ఇంకోటి, సింగిల్ టికెట్ మీద 120 నిమిషాలు అని ఉంటుంది. రెండు గంటలుంది కదా, వెళ్ళి వచ్చేయొచ్చు అనుకోకండి, అది ఒకవైపుకే. కానీ ఆ ఒక్క టికెట్ మీద మెట్రో, ట్రామ్, బస్సు అన్నీ మారొచ్చు, ఆఖరికి వాన్‌సే నుంచి క్లాడో వెళ్ళే లాంచీ కూడా ఎక్కొచ్చు. సరస్సు మీద 20 నిమిషాలు, మామూలు సిటీ టికెట్టే! టూరిస్టు బోట్లకి డబ్బులు తగలెయ్యడం ఎందుకో నాకైతే అర్థం కాదు.

సరే, ఇంటర్న్‌షిప్. అక్కడ కూడా కండక్టరు లేని బస్సే. మొదటి రోజే ల్యాబు తాళం చేతిలో పెట్టీశారు. మన కాలేజీలో బయోమెట్రిక్ పడకపోతే ఇంటికి మెసేజ్ వెళ్ళిపోద్ది, అక్కడ ఎన్ని గంటలు పనిచేశానో నెలాఖరుకి నేనే షీట్‌లో రాసివ్వాలి. సార్ వెళ్ళేదాకా సీట్లోంచి లేవకూడదన్న అలవాటుతో మొదటి వారం రాత్రి 8 దాకా కూర్చున్నాను. ఒక పీహెచ్‌డీ అమ్మాయి వచ్చి, పనేమైనా పాడైందా, సాయం చెయ్యాలా అని కంగారుగా అడిగింది. నేనేమో మెచ్చుకుంటుందనుకున్నాను!

అన్నిటికన్నా నాకు నచ్చింది కాఫీ గది. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం, దారంతో వేలాడే పెన్సిలు, వరసగా అందరి పేర్లు. కప్పు తాగితే నీ పేరు పక్కన గీత. నాలుగు నిలువు, ఐదోది అడ్డం. నెలాఖరుకి గీతలు లెక్కపెట్టుకుని డబ్బాలో డబ్బులు వెయ్యాలి. మన టీ కొట్లో కూడా ఖాతా ఉంటుంది, కానీ అది కొట్టాయన రాస్తాడు, ఒకటి ఎక్కువే రాస్తాడు. ఇక్కడ ప్రొఫెసర్ గీతలు కూడా అదే కాగితం మీద, అదే పెన్సిలుతో. మొదటి కప్పుకి గీత పెట్టాక ఎవరైనా చూశారా అని వెనక్కి తిరిగి చూశాను, నిజం చెప్తున్నా, ఎవరూ లేరు.

అలాగని వాళ్ళంతా దేవుళ్ళని కాదు, టికెట్ లేకుండా తిరిగే జర్మన్లూ ఉన్నారు, ఆ జీన్సు ప్యాంటు మనిషి ఉన్నది అందుకే కదా. కాకపోతే రాత్రి 11కి ఒక్క బండి లేని రోడ్డు మీద సిగ్నల్లో ఎర్ర బొమ్మ వెలిగిందని ఓ ముసలావిడ కదలకుండా నిలబడింది. మన ఏడు రోడ్ల జంక్షన్లో అలగ నిలబడితే తెల్లారిపోద్ది.

కరెంటు పోయేలా ఉంది, మా ఇంట్లో ఇన్వర్టర్ లేదు, చూడాల్సినవి గబగబా చెప్పీస్తాను.

జూన్‌లో సూర్యుడు రాత్రి 9:30 దాకా దిగడు. మన అరసవల్లి స్వామి అక్కడ ఓవర్‌టైం చేస్తాడు. ల్యాబు అయ్యాక కూడా బోలెడు వెలుతురు, ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం మనకి మూడున్నర గంటలు ముందు, అమ్మ నిద్రలో తిడుతుంది. పార్లమెంటు భవనం రైఖ్‌స్టాగ్ మీద గాజు గుమ్మటం ఫ్రీ, కానీ ముందే ఆన్‌లైన్లో పేరు రాయించుకోవాలి, పాస్‌పోర్ట్ పట్టుకెళ్ళాలి. జీరో టికెట్ అన్నమాట. తూర్పు జర్మనీ తన జనం పడమరకి పారిపోకుండా కట్టిన బెర్లిన్ గోడ విజయనగరం కోట గోడలా ఉంటుందనుకున్నాను, ఎత్తు 3.6 మీటర్లే, దీన్ని దాటలేకపోయారా అనిపిస్తుంది, కాపలా టవర్లు ఎక్కడెక్కడ ఉండేవో చూశాక నోరు పడిపోయింది. 1961 నుంచి 1989 దాకా 28 ఏళ్ళు. ఈస్ట్ సైడ్ గ్యాలరీలో 1.3 కిలోమీటర్లు బొమ్మలతో మిగిలింది. నోయెస్ మ్యూజియంలో పాతకాలం ఈజిప్టు రాణి నెఫెర్టిటి తల విగ్రహం ఉంది, ఫోటో తియ్యకూడదు. ఫోన్ కొంచెం పైకెత్తానో లేదో పక్కన మనిషి ప్రత్యక్షం. బెర్లిన్ మొత్తం మీద అసలైన కండక్టరు అక్కడే ఉన్నాడు.

ఆదివారం షాపులు బంద్, శనివారమే బియ్యం కొనుక్కోండి. మర్చిపోతే మెయిన్ స్టేషన్‌లో సూపర్ మార్కెట్ ఉంటుంది. వాటర్ బాటిల్ పారెయ్యకండి, మెషిన్‌లో వేస్తే 25 సెంట్లు వెనక్కొస్తాయి, మన గోలీ సోడా సీసా పద్ధతే. పోట్స్‌డామ్‌లో ఫ్రెడరిక్ రాజు సమాధి మీద జనం పూలు కాదు, బంగాళాదుంపలు పెడతారు, దేశానికి దుంప అలవాటు చేశాడని. నేనూ ఒకటి పెట్టొచ్చాను. పోట్స్‌డామ్ కూడా సి జోనే, గుర్తుందా!

ఈ జోన్ల గోలే వద్దంటే నెల పాసు, డాయిచ్‌లాండ్ టికెట్. 2023 మేలో 49 యూరోలకి మొదలైంది, 2026 జనవరి నుంచి 63. దేశం మొత్తం సిటీ బస్సులూ ట్రామ్‌లూ లోకల్ రైళ్ళూ ఎక్కొచ్చు, ఐసీఈ లాంటి స్పీడు రైళ్ళు మాత్రం కుదరదు. ఒక్కటే చిక్కు, అది నెలనెలా దానంతట అదే రెన్యూ అయిపోద్ది, వచ్చీసే నెలలో 10వ తారీఖు లోపు క్యాన్సిల్ చెయ్యకపోతే ఇంటికొచ్చాక కూడా ఇంకో 63...

అదిగో, పోయింది. అమ్మా, కొవ్వొత్తి ఎక్కడ పెట్టావే?