‘ఎక్కడ?’తో మొదలై ‘వచ్చారు’తో ముగిసే ఉద్యోగం

అందరికీ నమస్కారం.

మా ఇంట్లో నా మీద ఒక ఫిర్యాదు ఉంది. ఎవరు ఫోన్ చేసినా హలో అనకుండానే ‘ఎక్కడున్నావు?’ అని అడుగుతానట. బాగున్నావా అన్న మాట ఆ తర్వాతేనట. నిజమే. పోలీసు కంట్రోల్ రూమ్‌లో కొన్నేళ్ళు హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నవాళ్ళలో ఈ జబ్బు లేనివాళ్ళు నాకు కనపడలేదు.

నన్ను ఇక్కడికి పిలిచినవాళ్ళు ‘మీ సాహసాల గురించి చెప్పండి’ అన్నారు. ముందే ఒప్పేసుకుంటాను, మా పనిలో సాహసం ఏమీ లేదు. సాహసం చేసేవాళ్ళు బండిలో ఉంటారు. మేం కుర్చీలో, మూడు నాలుగు స్క్రీన్ల ముందు కూర్చుంటాం. ప్రశ్నలు అడుగుతాం. ఏది ముందు అడగాలి, ఏది వెనక అడగాలి అన్నదే మా విద్య. మిగతాదంతా టైపింగే.

ఫోన్ చేసినవాళ్ళెవరైనా ముందు ఏం జరిగిందో చెబుతారు. గుండె దడదడలాడుతున్న మనిషి కథ మొదటినుంచే మొదలుపెడతాడు. మేం మధ్యలో అడ్డుపడి ‘ఎక్కడండీ?’ అంటాం. వీళ్ళకి మర్యాద లేదు అనుకుంటారు. కానీ ఆ లైన్ ఏ క్షణంలో తెగిపోతుందో ఎవరికీ తెలియదు. ఛార్జింగ్ అయిపోవచ్చు. ఎవరో ఫోన్ లాక్కోవచ్చు. మాట్లాడుతున్న మనిషే పడిపోవచ్చు. ఏం జరిగిందో తెలియకపోయినా, ఎక్కడో తెలిస్తే బండి పంపగలం. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పినా, ఎక్కడో తెలియకపోతే ఎవర్ని పంపాలి, ఎటు పంపాలి?

‘ఫోన్ చేయగానే మీకు లొకేషన్ కనపడుతుంది కదా’ అని చాలామంది అంటారు. ల్యాండ్‌లైన్ రోజుల్లో ఆ మాట చాలావరకు నిజం. నంబర్‌కి ఒక చిరునామా కట్టేసి ఉండేది. సెల్‌ఫోన్ వచ్చాక ఆ కట్టు తెగింది. స్క్రీన్ మీద చుక్క రాదు, ఒక వృత్తం వస్తుంది. ఒక్కోసారి ఆ వృత్తంలో ఒక ఇల్లు ఉంటుంది, ఒక్కోసారి కాలనీ మొత్తం ఉంటుంది. అత్యవసర నంబర్ నొక్కగానే ఫోనే తన లొకేషన్‌ని పంపే పద్ధతి ఒకటి 2014లో బ్రిటన్‌లో మొదలై చాలా దేశాలకి పాకింది. దానివల్ల వృత్తం బాగా చిన్నదైంది. అయినా ఎన్నో అంతస్తు, ఏ తలుపు అన్నది మనిషి నోటితో చెప్పాల్సిందే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి ఒకాయన ఫోన్ చేశాడు. పక్కింటి తలుపు ఎవరో పగలగొడుతున్నారని. వీధి పేరు చెప్పాడు, ఇంటి నంబర్ చెప్పాడు. నేను టైప్ చేశాను. జాబితాలో ఆ పేరుతో రెండు వీధులు వచ్చాయి, ఊరికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. పైన ఉన్నదాన్ని నొక్కాను. ఎందుకు నొక్కానంటే జవాబు లేదు. పైన ఉంది కాబట్టి నొక్కాను. కాసేపటికి బండిలోంచి వైర్‌లెస్‌లో మాట వచ్చింది, ‘ఇక్కడ ఆ నంబర్ ఇల్లు లేదు’ అని. అదే నిమిషంలో ఆయన మళ్ళీ ఫోన్ చేశాడు, ‘ఇంకా రాలేదేంటండీ?’ అని. రెండు మాటలూ రెండు చెవుల్లో ఒకేసారి పడ్డాయి. దొంగలు పోయారు, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ రోజు నుంచి చిరునామా ఎంత స్పష్టంగా చెప్పినా ‘దగ్గర్లో ఏముంది?’ అని అడగనిదే వదలను. గుడి అనండి, బ్యాంకు అనండి, పెట్రోల్ బంకు అనండి, ఏదో ఒకటి చెప్పాలి. చిరాకు పడతారు. పడనివ్వండి.

ఇంకో మాట రోజుకి ఎన్నిసార్లు వింటామో లెక్కలేదు. ‘ఈ ప్రశ్నలన్నీ తర్వాత అడుగుదురు గానీ, ముందు ఎవరినైనా పంపించండి!’ ఈ హాల్లోంచి ఒక్కటే గుర్తు పెట్టుకుని వెళ్ళేట్టయితే ఇది గుర్తు పెట్టుకోండి. ప్రశ్నలు అడుగుతున్నామంటే బండి ఇంకా ఆగి ఉందని కాదు. కాస్త పెద్ద కంట్రోల్ రూమ్‌లో కాల్ తీసుకునేవాళ్ళు వేరు, బండ్లతో వైర్‌లెస్‌లో మాట్లాడే డిస్పాచర్ వేరు. నేను టైప్ చేసిన చిరునామా, ‘గొడవ’ అన్న ఒక్క మాట పక్క గదిలో స్క్రీన్ మీద పడగానే బండి కదులుతుంది. ఆ తర్వాత నేను అడిగే ప్రతి ప్రశ్న దారిలో ఉన్న ఆ ఇద్దరు పోలీసుల కోసమే. కత్తి ఉందా, ఎంతమంది ఉన్నారు, ఏ రంగు చొక్కా, ఎటు పోయాడు. ఈ జవాబులు లేకుండా వాళ్ళు చీకట్లోకి దిగుతారు.

అసలు ఒకే నంబర్ అనే ఏర్పాటు ఎలా వచ్చిందో కొంచెం చెబుతాను. 1935 నవంబర్‌లో లండన్‌లోని వింపోల్ స్ట్రీట్‌లో ఒక డాక్టరు గారి ఇంట్లో మంటలు లేచాయి. ఎదురింటాయన ఫైరింజన్ కోసం ఫోన్ చేస్తే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి క్యూలో ఇరుక్కుపోయాడు. అక్కడ మామూలు కాల్ ఏది, ప్రాణం మీదికొచ్చిన కాల్ ఏది అని తెలిసే దారే లేదు. ఐదుగురు ఆడవాళ్ళు చనిపోయారు. ఆయన కోపం పట్టలేక పత్రికకి ఉత్తరం రాశాడు, విచారణ జరిగింది, 1937 జూన్ 30న లండన్‌లో 999 మొదలైంది. ఆ నంబర్‌కి కాల్ వస్తే ఎక్స్‌ఛేంజిలో ఎర్ర దీపం వెలిగి, హారన్ మోగేది. అమెరికాలో 911 మొదటి కాల్ 1968 ఫిబ్రవరి 16న, అలబామాలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్ళో. యూరప్ దేశాలు ఉమ్మడిగా 112 అనుకున్నది 1991లో. అన్నిచోట్లా సంగతి ఒకటే, భయంలో ఉన్న మనిషికి మూడంకెల కన్నా ఎక్కువ గుర్తుండవు.

ఒకే నంబర్ ఉన్న చాలాచోట్ల పోలీసు కాల్, అంబులెన్స్ కాల్ అన్న గీత ఉండదు. ఎత్తినవాళ్ళకి ఏది తగిలితే అది. నాకు అన్నిటికన్నా భయం కలిగించే మాట చాలా మామూలు మాట. ‘పడిపోయాడండీ, కానీ ఊపిరి తీసుకుంటున్నాడు.’ గుండె ఆగిపోయిన మనిషి మొదటి నిమిషాల్లో ఒక్కోసారి గురక పెట్టినట్టు, ఆగి ఆగి ఎగపీల్చినట్టు శబ్దం చేస్తాడు. అది ఊపిరి కాదు. పక్కనున్నవాళ్ళకి ఊపిరిలాగే కనిపిస్తుంది. అందుకే ఒట్టి ‘ఊపిరి ఉందా?’ అని అడగం. ‘పిలిస్తే పలుకుతున్నారా? ఎప్పటిలా, మామూలుగా ఊపిరి తీసుకుంటున్నారా?’ అంటాం. రెండిటికీ కాదంటే ఇక ఆగం.

‘నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఛాతీ మధ్యలో అరచేతి అడుగుభాగం పెట్టండి. రెండో చెయ్యి దాని మీద. గట్టిగా నొక్కండి, నాతోపాటు లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు.’ పెద్దవాళ్ళకైతే కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి దిగాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. మీ వాచీ చూసుకుంటూ ఒకసారి బల్ల మీద కొట్టి చూడండి, ఎంత వేగమో తెలుస్తుంది. నేనూ అలా లెక్కపెడుతుంటే నాకు తెలియకుండానే నా అరచెయ్యి బల్ల మీద కొడుతూ ఉంటుంది. పక్క సీటువాళ్ళకి ఆ చప్పుడు వింటేనే అర్థమైపోతుంది, ఎవరూ నన్ను పలకరించరు. అవతల మనిషి ‘నా వల్ల కాదండీ’ అని ఏడుస్తూ ఉంటారు, ఏడుస్తూనే నొక్కుతూ ఉంటారు.

అరుస్తున్నవాళ్ళతో ఎలా మాట్లాడతారు అని అడుగుతారు. గొంతు పెంచితే వాళ్ళు ఇంకా పెంచుతారు. ‘టెన్షన్ పడకండి’ అంటే ఎవరూ పడకుండా ఉండరు, పైగా కోపం వస్తుంది. మాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. ఒకే వాక్యం, అవే మాటలు, అదే స్వరంలో మళ్ళీ మళ్ళీ చెప్పడం. ‘మీకు సాయం చేయాలంటే తలుపు గడియ తీయండి.’ ‘మీకు సాయం చేయాలంటే తలుపు గడియ తీయండి.’ మూడోసారికో నాలుగోసారికో వినపడుతుంది. మాట మార్చామంటే మళ్ళీ మొదటికొస్తుంది. చిన్నపిల్లలతో ఈ గొడవే లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తారు. అత్త పడిపోయిందని ఫోన్ చేసిన ఒక పాప, గేటు తీసి రమ్మంటే, తీసొచ్చి, ‘తీశాను. కుక్కని కూడా కట్టేశాను’ అంది. కుక్క సంగతి అడగాలని నాకు తట్టనేలేదు.

వైర్‌లెస్ వైపు పని ఇంకో రకం. అక్కడ ఒకేసారి ఇద్దరు మాట్లాడితే ఇద్దరి మాటా పోతుంది. అందుకే పొదుపుగా మాట్లాడతారు. ఆంగ్ల సినిమాల్లో ‘టెన్-ఫోర్’ అనడం వినే ఉంటారు, ‘మాట అందింది’ అని దానర్థం. ఆ టెన్ కోడ్లు 1937లో ఇల్లినాయ్ రాష్ట్ర పోలీసుల దగ్గర పుట్టాయి. అప్పటి సెట్లలో బటన్ నొక్కాక ట్రాన్స్‌మిటర్ అందుకోవడానికి ఒక క్షణం పట్టేది, ముందు పలికిన ముక్క ఎగిరిపోయేది. అందుకని ముందు ‘టెన్’ అనేవారు. పోతే టెన్ పోతుంది, అసలు అంకె దక్కుతుంది. తర్వాత ఊరికో అర్థం పుట్టుకొచ్చి, పెద్ద ప్రమాదాల్లో పక్క ఊళ్ళవాళ్ళు కలిసి పనిచేయాల్సి వస్తే ఒకరి కోడ్ ఒకరికి అర్థం కాకపోవడంతో, ఇప్పుడు చాలాచోట్ల మామూలు మాటలకే వచ్చేశారు. బండి నంబర్ చెప్పేటప్పుడు మాత్రం బీ, డీ, పీ, టీ అన్నీ ఒకేలా వినపడతాయి కాబట్టి బ్రావో, డెల్టా, పాపా, టాంగో అనకుండా గడవదు.

డిస్పాచర్‌కి కాల్స్ కన్నా నిశ్శబ్దం ఎక్కువ టెన్షన్. ఒక బండిని గొడవ జరుగుతున్న ఇంటికి పంపాక, కొంత వ్యవధికోసారి ‘అంతా సరేనా?’ అని పిలవాలి. జవాబు రాకపోతే మళ్ళీ పిలవాలి. రెండోసారీ రాకపోతే మూడోసారి కోసం ఆగం, దగ్గర్లో ఉన్న ఇంకో బండిని పంపుతాం. తొంభై శాతం సందర్భాల్లో సెట్ బండిలో మర్చిపోయి దిగి ఉంటారు అని మా సీనియర్లు తిడుతూ ఉంటారు. తిడుతూనే పంపుతారు.

జీతం, సెలవుల గురించి చెప్పి మిమ్మల్ని విసిగించను. ఒక్క సంగతి మాత్రం. అమెరికా ప్రభుత్వం వృత్తులని వర్గాలుగా విడదీసి రాసే పట్టికలో 2018లో సవరించినప్పుడు కూడా మా పనిని ఆఫీసు గుమాస్తాల కోవలోనే ఉంచారు. పోలీసులు, ఫైర్ సిబ్బంది ఉండే వర్గంలోకి మార్చండని అక్కడివాళ్ళు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. గుమాస్తాగిరీ నాకు చిన్నతనం కాదు. కానీ గుమాస్తా ఫైలు ముగింపు చూస్తాడు. మేం చూడం. బండి చేరగానే మా కాల్ మూసేస్తాం. ఆ పడిపోయినాయన లేచాడా, ఆ అత్త బతికిందా అన్నది మాకు చెప్పేవాళ్ళు ఉండరు. నేను మొదట్లో పేపర్లో వెతకడం పనిగా పెట్టుకున్నాను, తర్వాత మానేశాను. మాకు వినపడే చివరి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే. ‘వచ్చారు.’ లైన్ కట్.

ఒక కాల్ చెప్పి ఆపేస్తాను.

రాత్రి షిఫ్టు. ఎత్తితే మొదట మాట లేదు. ఇలాంటివి రోజూ వస్తాయి, జేబులో ఫోన్ నొక్కుకుపోయినవి, పిల్లలు ఆడుకుంటూ చేసినవి. (పొరపాటున కలిస్తే దయచేసి కట్ చేయకండి, పొరపాటని చెప్పండి. కట్ చేస్తే మేం తిరిగి ఫోన్ చేయాలి, ఎత్తకపోతే బండి పంపాలి.) ఇందులో మాత్రం ఎవరో ఊపిరి బిగబట్టినట్టు ఉంది. ‘మాట్లాడలేకపోతే ఏదైనా బటన్ నొక్కండి’ అన్నాను. బటన్ కాదు, గుసగుసగా చిరునామా వచ్చింది. ముందు చిరునామా! ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టొచ్చు. ఇల్లు, అంతస్తు, ‘బాత్రూంలో ఉన్నాను’. ఆ తర్వాత మాట లేదు.

‘నేను అడుగుతాను. అవునంటే ఊ అనండి, కాదంటే ఊహూ.’

‘ఊ.’

‘ఇంట్లోకి ఎవరో వచ్చారా?’ ‘ఊ.’ ‘మీకు తెలిసిన మనిషా?’ ‘ఊహూ.’ ‘ఒక్కరేనా?’ జవాబు లేదు. తెలియదన్నమాట. ‘చేతిలో ఏమైనా చూశారా?’ అని అడగాల్సింది, తొందరలో ‘చేతిలో ఏమీ చూడలేదా?’ అన్నాను. ‘ఊ’ అంది. ఇక చూడండి నా అవస్థ. ఆ ‘ఊ’కి అర్థం చూశాననా, చూడలేదనా? ‘లేదా?’ అని ముగిసే ప్రశ్న అడగకూడదని కొత్తవాళ్ళకి నేనే పాఠం చెబుతాను. మళ్ళీ సరిగ్గా అడిగాను. ‘ఊహూ.’

ఆ తర్వాత అడగడానికి ఏమీ లేదు. ‘లైన్‌లోనే ఉండండి, బండి మీ వీధిలోకి వచ్చింది’ అన్నాను. ‘కింద గేటు దగ్గర ఉన్నారు.’ ‘మెట్లెక్కుతున్నారు.’ ప్రతి దానికీ ఒక ‘ఊ’. చివరికి తలుపు బాదిన చప్పుడు, కేకలు, ఏదో పడిపోయిన శబ్దం. ‘బయట ఉన్నది పోలీసులే, పిలిస్తే గడియ తీయండి’ అన్నాను. గడియ చప్పుడు వినపడింది.

‘వచ్చారు!’ అంది. గట్టిగా, నిండుగొంతుతో. పదకొండు నిమిషాల్లో ఆవిడ అసలు గొంతు నేను విన్నది ఆ ఒక్క మాటలోనే.

టైమ్ రాసుకున్నాను. తర్వాతి కాల్ అప్పటికే మోగుతోంది. కరెంటు ఎప్పుడొస్తుందో కనుక్కుందామని చేశాడట ఒకాయన. ‘మీరు ఎక్కడ్నుంచి మాట్లాడుతున్నారండీ?’ అని అడిగాను.