వట్టిపోయిన గేదెకు నీడ: మా విభాగం వార్షిక లేఖ, ఆనందపురం పశువుల పాక

అందరికీ నమస్కారం. అమెరికాలో నేను పని చేస్తున్న విశ్వవిద్యాలయపు పశు విజ్ఞాన విభాగం ఏటా డిసెంబరులో ఒక వార్తాలేఖను వెలువరిస్తుంది. ఈసారి అది వచ్చే సమయానికి నేను సెలవు మీద విశాఖపట్నంలో ఉన్నాను కాబట్టి, ఆనందపురం దగ్గర గేదెలను పెంచుతున్న మా మావయ్యకు దాన్ని తెలుగులో చెబుతూ చదివి వినిపించాను. ఈ వీడియోలో ఇప్పుడు మీకు కనిపిస్తున్న పాక ఆయనదే.

పదవీ విరమణలు, కొత్త అధ్యాపకులు, ఉపకార వేతనాలు వంటి వార్తలను త్వరగానే దాటేశాము. పాడి ఆవుల ఎంపిక పోటీకి వెళ్ళిన విద్యార్థుల వార్త దగ్గర మాత్రం మావయ్య నన్ను ఆపారు. ఆ పోటీలో నాలుగు ఆవులను నిలబెడతారు. విద్యార్థులు పొదుగు, కాళ్ళు, శరీర నిర్మాణం పరిశీలించి వాటికి వరుస నిర్ణయించాలి, ఆపైన ఆ వరుసకు కారణాలను న్యాయనిర్ణేత ఎదుట నిలబడి నోటితో వివరించాలి. "సంతలో గేదెను కొనేటప్పుడు మేము చూసేవీ అవే కదమ్మా" అన్నారాయన.

ఒక విశ్వవిద్యాలయ విభాగం రైతులను ఉద్దేశించి ఇలా రాయడానికి వెనుక పాత చరిత్ర ఉంది. 1862 నాటి మోరిల్ చట్టం ద్వారా వచ్చిన భూముల ఆదాయంతో అక్కడి రాష్ట్రాలు వ్యవసాయ విద్య నేర్పే కళాశాలలను నెలకొల్పాయి. 1914లో వచ్చిన స్మిత్-లీవర్ చట్టం ఆ కళాశాలల విజ్ఞానాన్ని పల్లెలకు చేరవేసే విస్తరణ వ్యవస్థను ఏర్పరచింది. అందుకే ఆ లేఖలో పరిశోధనల పేజీ కూడా పశువులు పెంచేవారికి అర్థమయ్యే భాషలోనే ఉంటుంది.

ఈ వీడియో చేయడానికి కారణం ఆ పేజీయే. ఈసారి అందులో ఎండ తాపం గురించి, ముఖ్యంగా ఫ్లోరిడా విశ్వవిద్యాలయం చాలా ఏళ్ళుగా చేస్తున్న పని గురించి రాశారు. పాలిచ్చే ఆవు వేడికి పాలు తగ్గిస్తుందని అందరికీ తెలుసు. అయితే ఫ్లోరిడా పరిశోధకులు చూసింది పాలివ్వని ఆవును, అంటే ఈనడానికి ముందు దాదాపు రెండు నెలలు వట్టిపోయి ఉన్న చూలు ఆవును. ఆ రెండు నెలల్లోనే పొదుగులోని పాల కణజాలం రాబోయే ఈత కోసం మళ్ళీ పెరుగుతుంది, కడుపులోని దూడ కూడా వేగంగా ఎదుగుతుంది. ఆ సమయంలో ఆవు వేడికి అల్లాడితే కణజాలం సరిగా పెరగదు, మాయకు రక్త ప్రసరణ తగ్గుతుంది, దూడ తక్కువ బరువుతో పుట్టి జున్నుపాలలోని రక్షణ శక్తిని కూడా సరిగా గ్రహించలేదు. 2020లో ప్రచురించిన వారి అధ్యయనం ప్రకారం, తల్లి కడుపులో ఉండగా వేడికి గురైన పెయ్యలు పెరిగి ఈనినప్పుడు మొదటి ఈతలో రోజుకు సుమారు 2 కిలోల పాలు తక్కువ ఇచ్చాయి. ఆ పెయ్యలకు పుట్టిన పెయ్యల్లో, అంటే వేడికి గురైన ఆవు మనుమరాళ్ళలో సైతం ఆ లోటు కనిపించింది.

ఇది విన్న మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరువాత పాక బయట రేకు నీడ కూడా లేని చోట కట్టి ఉన్న రెండు గేదెలను చూపించి, "పాలిచ్చేవాటికే లోపల చోటిస్తామమ్మా, వట్టిపోయినవి ఎక్కడున్నా ఒకటే అనుకుంటాం" అన్నారు.

ఆ అధ్యయనం హోల్‌స్టీన్ అనే విదేశీ జాతి పాడి ఆవుల మీద జరిగింది కాబట్టి అందులోని అంకెలను గేదెలకు యథాతథంగా వర్తింపజేయకూడదు. అయినా నల్లని చర్మం, తక్కువ స్వేద గ్రంథులు ఉన్న గేదె ఎండను ఆవు కన్నా తక్కువగా తట్టుకుంటుందనడంలో సందేహం లేదు. విశాఖలో సముద్రం వల్ల ఉష్ణోగ్రత మరీ పెరగకపోయినా గాలిలోని తేమ పశువు ఒంటి వేడిని బయటకు పోనివ్వదు. ఉష్ణోగ్రతను, తేమను కలిపి లెక్కించే సూచీ 68 దాటితేనే ఎక్కువ పాలిచ్చే ఆవుకు ఇబ్బంది మొదలవుతుంది. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఆ సూచీ దాదాపు 83కు చేరుతుంది. మన ప్రాంతంలో అలాంటి రోజులు ఎన్ని ఉంటాయో మీకే తెలుసు.

మరొక విషయం నాకు ఇంకా ముఖ్యంగా తోచింది. గేదెలు ఎక్కువగా సెప్టెంబరు నుంచి చలికాలం వరకు ఎదకు వచ్చి, సుమారు 310 రోజులు మోసి, వానాకాలం నుంచి ఈనుతాయి. ఆ లెక్కన జులై మొదట్లో ఈనే గేదె వట్టిపోయి ఉండే రోజులు సరిగ్గా మే, జూన్ నెలల్లోనే పడతాయి. అంటే నీడ అత్యవసరమైన కాలంలోనే మనం దాన్ని బయట కడుతున్నాము.

పక్క జిల్లాలోని గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన అలాంటి కళాశాలల నుంచి ఏడాదికొక లేఖ, తెలుగులో, నాలుగు పేజీలే అయినా సరే, ప్రతి పాలకేంద్రానికీ చేరాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. మన గేదెలపై, మన వాతావరణంలో జరిగిన పరిశోధన ఆ లేఖలో ఉంటే మావయ్యకు నా అనువాదం అవసరమే ఉండదు.

ప్రస్తుతానికి ఎండ తాపం పేజీ సారాంశాన్ని తెలుగులో రాసి, ఊరి పాలకేంద్రం వారి అనుమతితో గోడకు అంటించాను. మావయ్య వేసవి రాకముందే పాకకు తూర్పు వైపున తాటాకు పందిరి వేసి, పక్కనే నీళ్ళ తొట్టి కట్టించాలని నిర్ణయించుకున్నారు. జూన్‌లో ఆ పందిరి కింద ఏ గేదెలు ఉన్నాయో, అవి ఈనిన తరువాత ఎన్ని పాలు ఇచ్చాయో రాసి పెట్టమని ఒక నోటు పుస్తకం ఇచ్చి వెళుతున్నాను.