ముందు కౌలు ఎంతో అడగండి

నేను: నమస్తే. ఈసారి మా చిన్నాన్నను లాక్కొచ్చాను. జనగామ వైపు ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నారు. చిన్నాన్నా, మైక్ దగ్గరికి జరగండి.

చిన్నాన్న: జరిగాను. పొలం రేటు ఎప్పుడు పెరుగుతుందని మాత్రం అడగకు.

నేను: అదే నా మొదటి ప్రశ్న!

చిన్నాన్న: పొలం కొంటానని వచ్చినవాళ్లను నేను ఒకటే అడుగుతాను, ఆ ఊళ్లో కౌలు ఎంత అని. చాలామందికి తెలీదు. ఎకరం 50 లక్షలు చెప్పారనుకో. కౌలు ఏడాదికి 20 వేలనుకో. నూటికి ఎంత పడ్డట్టు?

నేను: ఏడాదికి... నలభై పైసలు.

చిన్నాన్న: అదీ లెక్క. ఆ 50 లక్షల్లో వరికీ పత్తికీ ఇచ్చేది కొంతే. మిగతాదంతా రోడ్డుకి ఇస్తున్నావు. అందుకే రోడ్డు బిట్టుకి ఒక రేటు, లోపలి బిట్టుకి ఇంకో రేటు. మట్టి మాత్రం ఒకటే.

నేను: ఇప్పుడందరూ హైదరాబాద్ చుట్టూ రీజినల్ రింగ్ రోడ్డు అంటున్నారు కదా. గజ్వేల్, భువనగిరి, చౌటుప్పల్...

చిన్నాన్న: రోడ్డు పక్కన అని కొంటే అది రోడ్డు కిందికే పోవచ్చు. అప్పుడు పరిహారం 2013 భూసేకరణ చట్టం ప్రకారం కడతారు. దానికి ఆధారం ఏంటి? ప్రభుత్వ విలువ, లేదంటే చుట్టుపక్కల రిజిస్టరైన దస్తావేజుల సగటు. ఏది ఎక్కువైతే అది. మనమేమో 50 లక్షలకు కొని కాగితం మీద 5 లక్షలు రాయిస్తాం. స్టాంప్ డ్యూటీ మిగిలిందని సంబరపడతాం. భూమి పోయే రోజున ఊరంతా ఏడుస్తుంది.

నేను: మీరే కదా రాసేది!

చిన్నాన్న: (నవ్వు) రాయించేవాళ్లు చెప్పిందే రాస్తాం రా.

నేను: రైతుబంధు, అదే పంట పెట్టుబడి సాయం, వచ్చాక రేట్లు పెరిగాయంటారు, నిజమేనా?

చిన్నాన్న: దానివల్లే అనను. కానీ 2018లో ఎకరానికి, పంటకు 4 వేలతో మొదలైంది, పట్టాదారుకే. దున్నే కౌలుదారుకు కాదు. పట్నంలో ఉన్నవాళ్లకు భూమి అట్టిపెట్టుకోవడానికి ఇంకో కారణం దొరికింది. 2020 అక్టోబర్‌లో భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసుకి మారింది. నా కుర్చీ కూడా అక్కడికే మారింది. ఇప్పుడు ధరణి బదులు భూభారతి.

నేను: డాలస్ నుంచి ఒక ఫ్రెండ్ అడిగాడు, రెండెకరాలు కొనొచ్చా అని.

చిన్నాన్న: ఎన్నారైలు సాగుభూమి కొనకూడదు, విదేశీ మారకం చట్టం, అదే ఫెమా, ఒప్పుకోదు. ఫార్మ్‌హౌస్ కూడా అంతే. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. తమ్ముడి పేరున కొంటామంటారు. కాగితం మీద ఓనర్ తమ్ముడే కదా! రేపు తమ్ముడి పెళ్లాంతో పంచాయితీ.

నేను: ఇంకా ఏం చూసుకోవాలి?

చిన్నాన్న: లావణి పట్టా, అంటే సర్కారు పేదలకిచ్చిన అసైన్డ్ భూమి అయితే బయానా కూడా ఇవ్వకు. 1977 చట్టం ప్రకారం దాని అమ్మకం చెల్లదు. పాత పహాణీలు, అంటే ఏటా రాసే సాగు రికార్డులు, తిరగేస్తే బయటపడుతుంది. ఐదు గుంటల ఫార్మ్ ప్లాట్లు అంటూ ఫోన్లు వస్తాయే, ఐదు గుంటలంటే 605 గజాలు. అందులో ఏం పండిస్తావు, కరివేపాకా?

నేను: మీరు మాత్రం ఎప్పుడూ మోసపోలేదా?

చిన్నాన్న: పోయాను. ఎకరం కొన్నా, పాత లావాదేవీలు, అప్పులు చూపే ఈసీ అంతా శుభ్రం. ఊరి నక్షలో, అంటే భూముల పటంలో, బాట ఉందో లేదో చూడలేదు. అమ్మినాయన తన మిగతా పొలం కూడా ఇంకొకరికి అమ్మేశాడు, ఆయన కంచె వేశాడు. ఇప్పటికీ ఎరువు బస్తా మోసుకుంటూ ఆయన్ని బతిమాలి గట్టు మీదుగా పోతున్నా.

నేను: అమ్మేయొచ్చుగా?

చిన్నాన్న: దారిలేని పొలం ఎవరు కొంటారు రా? కంచె వేసినాయనే అడుగుతున్నాడు. సగం రేటుకి.